పెట్టె మీది మూడో లైను

కిందటి వారం మనం పెన్సిలును గుమ్మంలో నిలబెట్టి ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. పాపం, వారం రోజులుగా తలుపు రెక్క పట్టుకుని అక్కడే ఉంది. అసలే గాలికి ఎగిరిపోయే మనిషి. పక్కకు తిరిగితే కనపడదనే కదా ఇంట్లోవాళ్లు ఆ పేరు పెట్టుకున్నది!

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. సరుకులకు పెట్టెలు రూపు దిద్దడం పెన్సిలు పని. ఎనిమిదేళ్లు పనిచేసిన అట్టపెట్టెల ప్రెస్సు మూతపడ్డాక రెండేళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. అప్పుడు చెయ్యందించింది ‘గోడ’. ఇటుకల గోడ కాదు. బొమ్మలవాళ్లు, అక్షరాలవాళ్లు, ఫొటోలవాళ్లు తమ పనితనాన్ని నలుగురికీ కనపడేలా తగిలించుకునే ఆన్‌లైన్ గోడ. నచ్చినవాళ్లు చప్పట్లు కొడతారు, పని ఉన్నవాళ్లు కబురు పెడతారు. చేతిలో పని లేనివాళ్లకు అక్కడొక అలవాటుంది. లేని కంపెనీని పుట్టించి, అది లేని సరుకు అమ్ముతున్నట్టు ఊహించి, ఆ సరుకుకు అచ్చం నిజంలాంటి పెట్టె చేసి తగిలిస్తారు.

పెన్సిలూ అదే చేసింది. పిల్లల దగ్గు మందుకు ఒక పెట్టె. దాన్ని చూస్తే నిక్షేపంలాంటి గొంతులోనూ గరగర మొదలయ్యేదట, అంత ముద్దుగా కుదిరింది. నలభై వేల చప్పట్లు పడ్డాయి. ఆ సంబరంలో, నేర్చుకునేవాళ్లకు ఉపయోగపడుతుందని, కోత గీతలు మడత గీతలతో సహా అచ్చుకు సిద్ధంగా ఉన్న ఫైలును ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోండని పెట్టేసింది. ఆ పెట్టె చూసే ఒక పెద్ద స్టూడియో పిలిచి ఉద్యోగమిచ్చింది. సోమవారం చేరాలి.

ఇవాళ శుక్రవారం, పొద్దున పదకొండు. తలుపు చప్పుడైతే తీసింది. ఎదురుగా యూనిఫాంలో ఒక బస్సు డ్రైవరు. అతని చేతిలో ఆ పెట్టె. బొమ్మ కాదు. అట్ట కోసి, మడిచి, జిగురు పెట్టి, లోపల సగం ఖాళీ అయిన సీసాతో సహా.

“మందుల కంపెనీ ఇదేనా?” అన్నాడు డ్రైవరు.

“ఇది ఇల్లండీ,” అంది పెన్సిలు.

“ఇల్లని కనపడుతూనే ఉంది. మూడో అంతస్తు, ఏడో నంబరు తలుపు. పెట్టె మీద ఇదే రాసుంది. కావాలంటే చదువుకో.”

చదవక్కర్లేదు. ఆ అక్షరాల సైజు కూడా ఆమెకు తెలుసు. లేని కంపెనీకి ఉన్న చిరునామా ఎక్కడినుంచి వస్తుంది? ఆ చోటు ఖాళీగా వదిలేస్తే నాన్న ఊరుకోలేదు. ప్రెస్సుల్లో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి. చిరునామా లేని పెట్టె నా చెయ్యి దాటదన్నాడు. “మనిల్లే వేసెయ్యవే, నేను జనరల్ మేనేజర్ని, నువ్వు వాచ్‌మన్‌వి,” అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. వేసేసింది.

“ఎవరమ్మా?” అంటూ ఆ జనరల్ మేనేజరే బనీనుతో లోపల్నుంచి వచ్చాడు. డ్రైవరు చేతిలోని పెట్టె చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. చొరవగా అందుకుని, నుదుటి మీది కళ్లద్దాలు కిందికి లాక్కుని, అలవాటుకొద్దీ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు.

“ఒసేయ్, నీ పెట్టె అచ్చయిందే! నాతో ఒక్క మాటైనా చెప్పలేదేం? ఎంత శుభ్రంగా వచ్చిందో చూడు! నీలం ఒక్కటే కాస్త పక్కకి జరిగింది గానీ…”

“పెద్దాయనా,” అన్నాడు డ్రైవరు. “మా చెల్లెలి కూతురికి నాలుగేళ్లు. ఈ మందు తాగింది. నిన్న సాయంత్రం నుంచి కళ్లు తెరవలేదు.”

పెట్టె మీద తిరుగుతున్న ఆయన వేలు అక్కడే ఆగిపోయింది.

“ఏంటో అంతు చిక్కట్లేదంటున్నారు డాక్టర్లు. తాగిన మందేంటో కంపెనీవాళ్లనే అడుగుదామని వచ్చా. పెద్ద గేటుంటుంది, గొట్టాల్లోంచి పొగ వస్తుంటుందనుకున్నా. ఇక్కడ చూస్తే తువ్వాళ్లు ఆరేసున్నాయి.” అతను కోపంగా లేడు. రాత్రంతా నిద్ర లేక ఎర్రబడ్డ కళ్లతో, ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారని చూస్తున్నాడు. “చిరునామా తప్పు పడిందా అమ్మా? అదైనా చెప్పు, ఇంకోచోట వెతుక్కుంటా.”

చూశారా, తప్పించుకునే దారి అతనే తెరిచిపెట్టాడు. అవునండీ, తప్పే పడిందంటే చాలు. మెట్లు దిగి వెళ్లిపోతాడు, సోమవారం దానంతటదే వస్తుంది. ఆ మాట పెన్సిలు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. రాలేదని బొంకితే మీరు నమ్మరు, నేనూ నమ్మను.

“ఆ పెట్టె చేసింది నేనే,” అంది. “మందు నాది కాదు. అసలు అలాంటి మందే లేదు. నేనూ మీతో హాస్పిటల్‌కి వస్తాను.”

డ్రైవరు ఆమె చొక్కా భుజం గుప్పిట్లో పట్టుకున్నాడు. నాన్న అడ్డంరాబోయి బల్లకు కొట్టుకున్నాడు. తర్వాత డ్రైవరు చెయ్యి వదిలేశాడు.

“కొట్టేందుక్కూడా టైము లేదు,” అన్నాడు. “పద.”

కింద బస్సు ఆగి ఉంది. డ్యూటీ మధ్యలో ప్రయాణికులందరినీ దండం పెట్టి దింపేసి, రూటు తప్పించి, ఆ ఇరుకు వీధిలోకి బస్సును సూదిలోకి దారం ఎక్కించినట్టు ఎక్కించుకొచ్చాడు. యాభై సీట్లలో తండ్రీ కూతుళ్లిద్దరే. ముందు సీట్లో, ఇంజను వేడికి కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు.

“లేని మందుకు పెట్టెలు చేస్తారా?” రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు డ్రైవరు.

“పని దొరకాలంటే పని చూపించాలండీ. చూపించేందుకు పని ఉండదు. అందుకని…”

“నేనూ లేని స్టీరింగు తిప్పుతూ నడిరోడ్డు మీద నిలబడతా. పిలిచి ఉద్యోగమిస్తారా?”

“మా దాంట్లో ఇస్తారండీ. నాకు ఇచ్చారు.”

గేరు మార్చిన చప్పుడుకు బస్సు కిటికీలన్నీ ఒక్కసారి దడదడలాడాయి. బస్సు హాస్పిటల్ గేటు ముందు ఆగింది.

పిల్లల వార్డు మొదటి అంతస్తులో ఉంది. ఆకుపచ్చ రంగు వేసిన గోడలు, నడుం ఎత్తు దాకా చేతులు తగిలి తగిలి నల్లబడ్డాయి. చివరి మంచం మీద పాప. చేతికి సూది, దాని మీద తెల్ల పట్టీ. పట్టీ మీద నర్సెవరో నవ్వే ముఖం గీసింది. జుట్టుకు పెట్టిన పసుపు క్లిప్పు ఊడి చెంప మీదికి జారింది. పక్కనే తల్లి, కుట్టుపని చేసే మనిషి, మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతోంది. పనిలోంచి లేచి వచ్చిన మనిషి దాన్ని తీసేయడం కూడా మరిచిపోయింది.

“దొరికారా అన్నయ్యా?”

“దొరికారు,” అని డ్రైవరు పక్కకు తప్పుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, ఒక్క మాట ఎక్కువ మాట్లాడని రకం. పెన్సిలు ఆమెకంతా చెప్పేసింది. ఊపిరి తీసుకుంటే ధైర్యం చాలదేమోనన్నట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

“ఆగండి. పెట్టె మీద తేనె, అల్లం, అతిమధురం అని ఉంది,” అంది డాక్టరమ్మ.

“అది నేను రాసిందే. మూడూ చదవడానికి తియ్యగా ఉంటాయని.”

“ఆ మూడిటితో ఏ పిల్లకీ ఏమీ కాదు. అందుకే మందు సంగతి పక్కన పెట్టేశాం. మెదడుకేమైనా సోకిందేమోనని నిన్నటి నుంచి దాని వెనకాలే పడ్డాం.” ఆమె గొంతు పెంచలేదు. గడియారం వైపు మాత్రం చూసింది. “పద్దెనిమిది గంటలు.”

పాప తల్లి ఒక్కో ముఖాన్నీ మార్చి మార్చి చూస్తోంది. అందరూ అర్థంకాని భాషలో మాట్లాడుకుంటున్నట్టుంది ఆమె వాలకం. “మందు మంచిది కాదా డాక్టర్‌గారూ? నేను చదివే ఇచ్చాను. రెండు చెంచాలని ఉంటే రెండే పోశాను. దగ్గు తగ్గకపోతే మొన్న ఇంకో రెండు పోశా. ఎక్కువైనా పరవాలేదని పెట్టె మీదే ఉందిగా!”

డాక్టరమ్మ పెట్టె తిప్పి చూసింది. పెట్టె పక్క వైపున, మోతాదు కింద, మూడో లైనులో, గుండ్రటి ముద్దు అక్షరాల్లో ఉంది: ‘కాస్త ఎక్కువైనా ఇబ్బంది లేదు’.

“ఇదీ మీరే రాశారా?”

“అవునండీ.”

“ఎందుకు?” అడిగింది డాక్టరమ్మ కాదు, పాప తల్లి.

ఎన్ని అబద్ధాలకైనా అక్కడ చోటుంది. ఫలానా మందు మీద చూసి రాశాననొచ్చు, ఎవరో చెప్పారనొచ్చు. పెన్సిలు నిజం చెప్పింది. అంతకన్నా సిగ్గుమాలిన నిజం ఆ వార్డులో అంతకుముందు ఎవరూ చెప్పి ఉండరు.

“పెట్టెకు అటుపక్క మూడు లైన్లున్నాయి. ఇటు రెండే వచ్చాయి. కంటికి… వెలితిగా ఉందని.”

ఎక్కడో స్టీలు పళ్లెం కింద పడి, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

“వెలితిగా ఉందని,” అంది తల్లి, ఆ మాటను తూకం వేస్తున్నట్టు. అరుస్తుందనుకున్నారు అందరూ. అరవలేదు. “ఇంకేదైనా రాయొచ్చుగా తల్లీ. చల్లటి చోట పెట్టండని రాయొచ్చుగా. ఎండ తగలనివ్వకండని రాయొచ్చుగా. ఎన్ని లేవు రాయడానికి?”

“ప్రూఫు చూసింది నేనమ్మా,” అన్నాడు నాన్న. “ముప్పై ఏళ్ల సర్వీసు. ఆ లైను రెండుసార్లు చదివా. అక్షరాలు చూశానే గానీ, అది నిజంగా ఒక తల్లి చదువుతుందని…” ఆవిడ ఆయన వైపు చూడనైనా చూడలేదు.

డాక్టరమ్మ పెన్సిలును వరండాలోకి తీసుకెళ్లింది. “వినండి. పిల్లకు మూత్రం రావడం ఆగిపోయింది. మూత్రపిండాలు చతికిలబడుతున్నాయి. సీసాలో ఏదో విషద్రవం కలిసిందనుకుంటున్నా. కొన్నిటికి విరుగుడుంది. దేనికో తెలియకుండా ఇస్తే అది ఇంకో విషమవుతుంది. సీసా పరీక్షకు పంపిస్తాను, కానీ జవాబు సోమవారానికి గానీ రాదు. పోలీసులకు చెప్పా, సాయంత్రం వస్తామన్నారు. ఇది నింపినవాళ్లెవరో మీకు తెలుసా?”

“తెలీదు. నా ఫైలు తీసుకున్నవాళ్లు రెండు వేల మంది.”

“పాపకు సోమవారం దాకా టైము లేదు,” అని డాక్టరమ్మ లోపలికి వెళ్లిపోయింది.

పెన్సిలు బెంచీ మీద కూలబడింది. పెట్టెను ఒళ్లో పెట్టుకుంది. రెండేళ్లుగా ఏ దుఃఖం వచ్చినా ఆమె చెయ్యి ఫోనులో ఒకే చోటికి వెళ్లేది. ఇప్పుడూ అటే వెళ్లింది. పెట్టె ఆరు వైపులనూ ఫొటో తీసింది. మడత మూలలు దగ్గరగా తీసింది. గోడ మీద పెట్టి, కింద రాసింది:

‘నేను ఊహించి చేసిన ఈ పెట్టెలో ఎవరో నిజంగా మందు పోసి అమ్ముతున్నారు. ఒక పాప చావుబతుకుల్లో ఉంది. దీని మీద రాసింది ఒక్క అక్షరమూ నిజం కాదు, అన్నీ నా కల్పన. మీ ఇంట్లో ఉంటే ఇవ్వకండి. దీన్ని అచ్చువేసిన యంత్రాన్ని గుర్తుపట్టగలిగినవాళ్లు చెప్పండి.’

నిజం చెప్పాలంటే, మొదట వచ్చినవి తిట్లే. రెండో నిమిషంలో స్టూడియో నుంచి ఒకే వాక్యం వచ్చింది, సోమవారం రానక్కర్లేదని. పెన్సిలు దాన్ని వేలితో పైకి తోసేసింది. మూడో నిమిషంలో పని తెలిసినవాళ్లు దిగారు.

బొమ్మలవాళ్ల కళ్లు ఎలాంటివంటే, చీమ నడిచివెళ్లిన దారి చూసి అది కుంటిదో కాదో చెప్పేస్తాయి. ‘నీలం అర మిల్లీమీటరు కుడికి జరిగింది. పాత నాలుగు రంగుల యంత్రం, మూడో రోలరు అరిగింది,’ అన్నాడొక అచ్చు మేస్త్రీ. ‘జిగురు అంచు దగ్గర కోత కత్తికి చిన్న పన్ను విరిగి ఉంది చూడండి,’ అంది పెట్టెలు ఫొటో తీసే ఒకావిడ. ఇంకొకడు తన దగ్గరున్న పళ్లపొడి పెట్టె మూల ఫొటో పెట్టాడు. అక్కడా అదే విరిగిన పన్ను. అరగంటలో పదకొండు వేల మంది పంచుకున్నారు. చప్పట్ల కోసం ఒకరి భుజం మీద ఒకరు ఎక్కే జనం, ఆ అరగంటా ఒకరి కళ్లతో ఒకరు చూశారు.

డ్రైవరూ, పాప తల్లీ వచ్చి చెరోపక్కా నిలబడ్డారు. నాన్న కళ్లద్దాలు తుడుచుకుంటూ గోడకు ఆనుకున్నాడు. ఫోను ఒకసారి వణికింది. ముఖం లేని ఖాతా, పేరు చోట ఒక చుక్క. అందరికీ కనపడేది కాదు, ఆమెకొక్కదానికే వచ్చిన కబురు.

‘ఆ పెట్టె అచ్చేసింది మా దగ్గరే. లోపల ఏం పోస్తారో నాకప్పుడు తెలియదు. పెట్టెలు దింపడానికి వెళ్లినప్పుడు సీసాలు నింపే చోటు చూశాను. డ్రమ్ముల మీద సీసాల్లో పోసే ద్రవం పేరుంది, ఫొటో తీసి పెట్టుకున్నాను. మీరు పెట్టింది తీసేయండి. ఇంకాసేపైతే అందరూ మా యంత్రాన్ని పట్టేస్తారు. నాకూ పిల్లలున్నారు. తీసిన నిమిషానికి ఫొటో పంపిస్తాను. పది నిమిషాలు చూస్తాను. ఆ తర్వాత ఈ ఖాతా ఉండదు.’

“తీసెయ్,” అంది పాప తల్లి. ఆమె వేళ్లు పెన్సిలు మణికట్టును పట్టుకున్నాయి. టేపు కొన ఫోను తెర మీదికి వేలాడింది.

“తీసేసి, ఫొటో రాగానే మళ్లీ పెట్టు. అంతేగా!” అన్నాడు డ్రైవరు.

“అంతే కాదండీ. ఒకసారి తీస్తే పదకొండు వేల మంది పంచుకున్నదంతా ఒక్కసారే చెరిగిపోతుంది. ఎవరు తెరిచినా ఖాళీగా కనపడుతుంది. మళ్లీ పెడితే మొదటి మనిషి నుంచి మొదలవ్వాలి.”

“అవనీ. నా కూతురు లోపలుంది,” అంది తల్లి. “తీసెయ్.”

పెన్సిలు ఆ పోస్టు తెరిచింది. తొలగించే మీట మీదికి బొటనవేలు తీసుకెళ్లింది. దాని కిందే, అప్పుడే వచ్చిన కొత్త మాట ఒకటి కనపడింది. ఎవరో ఒకావిడ రాసింది, తొందరతొందరగా.

‘ఈ పెట్టె మా ఇంట్లో ఉంది. ఇప్పుడే చెంచాలో పోశాను. మీరు రాసింది ఎవరో పంపిస్తే చూసి ఆగాను. బాబు దగ్గుతూనే ఉన్నాడు. నిజంగానే ఇవ్వొద్దా? ఎవరైనా చెప్పండి.’

నాన్న వంగి పైకే చదివాడు, ప్రూఫు చదివినట్టు, ఒక్కో మాట విడమరిచి. మణికట్టు మీది పట్టు బిగిసింది, సడలింది, మళ్లీ బిగిసింది.

“ముందు ఆవిడకి జవాబు చెప్పు,” అంది పాప తల్లి. “పారబొయ్యమని చెప్పు. తర్వాత తీసెయ్.”

పెన్సిలు రాసింది. ‘పారబోయండి. చెంచా కూడా కడిగేయండి.’

ఆ జవాబు గోడ ఎక్కిందో లేదో, దాని కింద ఇంకో పెట్టె ఫొటో వచ్చింది. ఎవరిదో వంటగది కిటికీ, పక్కన పాలసీసా. దాని కింద మరొకటి, ఇంకా సీలు తీయనిది. దాని కింద ఇంకొకటి, సగం తాగేసింది.

“అన్నయ్యా, ఎంత టైముంది?” అంది పాప తల్లి.

“నాలుగు నిమిషాలు,” అన్నాడు డ్రైవరు.

ఆవిడ కళ్లు మూసుకుంది. ఈసారి తీసెయ్ అనలేదు. వద్దని కూడా అనలేదు.